కాయిన్లకు తూము ఎక్కడ?

గేముల కంపెనీలో ఉద్యోగం అంటే మనవాళ్లకు రెండే గుర్తొస్తాయి: బొమ్మలు గీయడం, కోడ్ రాయడం. మూడో పని ఒకటుంది. ఒక గెలుపుకు ఎన్ని కాయిన్లు ఇవ్వాలి, వాటితో ఏం కొననివ్వాలి, ఎంతసేపు ఆడితే తర్వాతి లెవెల్ రావాలి, వచ్చాక ఆటగాడికి కొత్తగా ఏం దక్కాలి, ఇదంతా లెక్కగట్టే పని. పెద్ద స్టూడియోల్లో దీనికి ఎకానమీ డిజైనర్ అనో, సిస్టమ్స్ డిజైనర్ అనో హోదా ఉంటుంది. చిన్న కంపెనీల్లో హోదా ఉండదు గానీ పని మాత్రం ఉంటుంది. ఎవరికి ఎక్సెల్ బాగా వస్తే వాళ్ల నెత్తిన పడుతుంది.

అనంతపురం జిల్లా శింగనమల, నార్పల, గార్లదిన్నె వైపు నుంచి వెళ్లి బెంగళూరులోనో హైదరాబాదులోనో గేమింగ్‌లో చేరే పిల్లలు సాధారణంగా టెస్టింగ్‌లోనో కస్టమర్ సపోర్టులోనో మొదలుపెడతారు. అక్కడే ఉండిపోకుండా డిజైన్ వైపు రావాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇప్పటికే డిజైన్‌లో చేరి, ‘మన గేములో కాయిన్లు ఎవరికీ పట్టడం లేదు, ఏదో ఒకటి చెయ్యి’ అని మేనేజరు అంటే తెల్లమొహం వేసినవాళ్ల కోసం కూడా. జేఎన్‌టీయూలో బీటెక్ చేసినవాళ్లకే ఈ దారి అనుకోవద్దు. నిజం చెప్పాలంటే, ఆర్ట్స్ కాలేజీలో బీకామ్ చదివి జమాఖర్చులు ఒంటబట్టినవాళ్లే దీనికి ఇంకాస్త బాగా పనికొస్తారని నా నమ్మకం.

మొన్న శింగనమల్లో టీ కొట్టు దగ్గర ఇంటర్ చదివే పిల్లోడొకడు ఫోన్లో ఆడుతుంటే పక్కనే కూర్చుని చూశాను. మ్యాచ్ గెలిచాడు. తెర మీద బంగారు కాయిన్లు గలగలమంటూ కురిశాయి. కురుస్తున్నంతసేపూ వాడు తెర వైపు చూడలేదు, టీ గ్లాసు అందుకున్నాడు. మూలన చూస్తే లక్షా చిల్లర కాయిన్లున్నాయి.

“ఇన్ని పెట్టుకున్యావే, వాటితో ఏమీ కొనవా?” అన్నాను.

“కొనేకి ఏముందినా దాంట్లో? ఊరికే పడుండాయి. డైమండ్లయితే పనికొస్తాయి. అవేమో దుడ్లు పెట్టి కొనాల.”

ఆ గేము పేరు మనకెందుకు గానీ, దాన్ని చేసినవాళ్లు ఆ కాయిన్ల బొమ్మకూ, గలగల శబ్దానికీ నెలల తరబడి జీతాలు ఇచ్చి ఉంటారు. పిల్లోడు మాత్రం టీ తాగుతున్నాడు. ఎకానమీ డిజైనర్ చూడాల్సింది సరిగ్గా ఆ క్షణాన్నే.

శింగనమల శ్రీరంగరాయల చెరువు కింద మడి ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకు ఇక్కడ ఏం జరిగిందో ఇట్టే అర్థమవుతుంది. చెరువుకు నీళ్లొచ్చే దారి ఒకటుంటుంది, పొలాలకు వదిలే తూము ఉంటుంది, ఎక్కువైతే పొర్లిపోయే మరవ ఉంటుంది. కొంత ఎండకు ఆవిరైపోతుంది. ఎప్పుడు ఎంత వదలాలో చూసుకోవడానికి నీరుగంటి ఉంటాడు. వచ్చేదీ పోయేదీ రెండూ తెలిస్తేనే చెరువు గురించి మాట్లాడగలం. స్టూడియోల్లో కాయిన్లు పుట్టే చోటును సోర్స్ అంటారు, ఖర్చయ్యే చోటును సింక్ అంటారు. పిల్లోడి గేములో వంకలన్నీ వచ్చి చెరువులో పడుతున్నాయి, తూము మాత్రం కట్టలేదు. మీరు ఆ నీరుగంటి ఉద్యోగానికి వెళ్తున్నారు.

ముందు లెక్క రాయండి

ఒక ఊహ గేము పెట్టుకుందాం. బుడ్డలు, అంటే వేరుశనగ, పండించే గేము. ఒక పంటకు 100 కాయిన్లు వస్తాయి. మామూలు ఆటగాడు రోజుకు మూడు పంటలు తీస్తాడు, అంటే 300. విత్తనానికి పంటకు 40 చొప్పున 120 పోతాయి. బోరు మోటారు రిపేరుకు సగటున రోజుకు 30. మిగులు 150. అంగట్లో అన్నిటికన్నా ఖరీదైనది ట్రాక్టరు, 2,000 కాయిన్లు. పద్నాలుగో రోజుకు వాడు ట్రాక్టరు కొనేస్తాడు. ఆ తర్వాత? నెల తిరిగేసరికి చేతిలో మరో 2,500 చేరతాయి, వాటితో చేయగలిగింది ఏమీ ఉండదు. ఇట్లాంటివాళ్లు పదివేలమంది ఉంటే రోజుకు 15 లక్షల కాయిన్లు మిగులుతాయి, ఎటూ పోవు.

ఆటగాళ్లు ఒకరికొకరు అమ్ముకునే వీలు కూడా పెట్టారనుకోండి. అప్పుడు గాయం ఇంకా లోతు. పాతవాళ్ల దగ్గర కాయిన్లు గుట్టలుగా ఉంటాయి కాబట్టి, నిన్న 500 ఉన్న అరుదైన విత్తనం ఇవాళ 5,000 పలుకుతుంది. కొత్తగా చేరినవాడు రోజుకు 150 మిగుల్చుకుంటూ దాన్ని అందుకోవాలంటే నెల దాటాలి. వాడు నెల ఆగడు. మీ రిపోర్టులో ‘కొత్త ఆటగాళ్లు మూడో రోజుకే వెళ్లిపోతున్నారు’ అని వస్తుంది, మార్కెటింగ్‌వాళ్లు ప్రకటన బాగాలేదంటారు, ఆర్టిస్టులు బొమ్మలు మారుస్తారు. జబ్బు కాయిన్లలో ఉందని ఎవరికీ తట్టదు.

ఇది ఊహకే పరిమితం కాదు. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్‌లో ఇదే జరిగింది. బంగారం పుడుతూ పోయింది, ధరలు ఆకాశానికి పోయాయి. దాన్ని పీల్చడానికి ఏ వస్తువులు అమ్మాలా అని డిజైనర్లు తలలు పట్టుకున్నారు. అంతకన్నా వింత డయాబ్లో 2ది. బంగారం ఎందుకూ కొరగాకుండా పోయి, ఆటగాళ్లు తమలో తాము స్టోన్ ఆఫ్ జోర్డాన్ అనే ఉంగరాన్ని డబ్బుగా వాడుకున్నారు. మీరు డబ్బు సరిగా నడపకపోతే ఆటగాళ్లు తమ డబ్బు తామే కనిపెట్టుకుంటారు.

ఈ లెక్క రాసేటప్పుడు సగటును నమ్మకండి. 99 మంది దగ్గర 100 కాయిన్ల చొప్పున, ఒక్కడి దగ్గర లక్ష ఉన్నాయనుకోండి. సగటు 1,099 వస్తుంది. అంతమాత్రాన వెయ్యి కాయిన్ల వస్తువు అందరికీ అందుబాటులో ఉందని మీటింగులో చెప్తే, వంద మందిలో 99 మంది గురించి అబద్ధం చెప్పినట్టే. మధ్యలో నిలబడ్డవాడి దగ్గర ఎన్నున్నాయి, మూడో రోజువాడి దగ్గర ఎన్ని, ముప్పయ్యో రోజువాడి దగ్గర ఎన్ని, ఇవి విడివిడిగా తీయండి. దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఎక్సెల్, కాస్త ఎస్‌క్యూఎల్ చాలు.

కోత పెట్టకండి, తూము తవ్వండి

కొత్తగా చేరినవాళ్లకు ఇక్కడ మొదట తట్టేది రాబడి కోయడం. పంటకు 100 ఇస్తున్నాం కదా, 70 చేద్దాం. అంకెల్లో అంతా సరిపోతుంది. ఆటగాడికి మాత్రం మీరు వాడి జేబులో చెయ్యి పెట్టినట్టే ఉంటుంది.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004లో విడుదల కాకముందు, బీటా దశలో జరిగిన ముచ్చట ఈ వృత్తిలో అందరూ చెప్పుకునేదే. మరీ ఎక్కువసేపు ఆడేవాళ్లు కాస్త ఆగాలని, కొన్ని గంటలయ్యాక అనుభవం పాయింట్లు సగమే వచ్చేట్టు పెట్టారు. ఆటగాళ్లు మండిపడ్డారు. అప్పుడు ఆ గేము చేసిన బ్లిజార్డ్‌వాళ్లు లెక్కను తిరగేశారు. లెవెల్‌కు కావాల్సిన పాయింట్లు రెట్టింపు చేసి, మొదటి గంటల్లో వచ్చేదాన్ని 200 శాతం అన్నారు, తర్వాత వచ్చేదాన్ని 100 శాతం అన్నారు. ఆ 200కు విశ్రాంతి బోనస్ అని పేరు పెట్టారు. అంకెలు అవే, పొద్దున తిట్టినవాళ్లే మెచ్చుకున్నారు. దీన్ని మాయ అనేవాళ్లున్నారు. నాకు అట్లా అనిపించదు. నిద్రపోయి వచ్చినవాడికి బహుమతి ఇవ్వడం మర్యాదైన పనే కదా.

కాబట్టి బుడ్డల గేములో పంటకు 100 అలాగే ఉంచండి. పోయే దారులు వెతకండి. ఆ దారులన్నీ ఒక తీరువి కావు.

రిపేరు ఖర్చు అన్నిటికన్నా సులువైన తూము. అందుకే అందరూ అదే వాడతారు. ఆటగాళ్లు అన్నిటికన్నా ఎక్కువ అసహ్యించుకునేదీ అదే. మోటారు కాలిపోయింది, 30 కట్టు అంటే అది జరిమానా. కొంచెం ఉంచుకోండి, దాని మీదే ఆధారపడకండి. అమ్మకాల మీద పన్ను ఇంకాస్త నయం. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో 2021 చివర్లో అంగడి లావాదేవీల మీద 1 శాతం పన్ను పెట్టారు. వచ్చిన బంగారంలో కొంత పెట్టి, ఎక్కువైపోయిన వస్తువులను ఆటే కొని మాయం చేస్తుంది. ఒకే ఏర్పాటుతో డబ్బూ తగ్గింది, సరుకూ తగ్గింది. శాతం చిన్నది కాబట్టి పేదవాడికి తెలియదు, కోట్లు తిప్పేవాడి దగ్గర గట్టిగానే పడుతుంది.

నా దృష్టిలో అసలు తెలివి పాత్ ఆఫ్ ఎగ్జైల్‌ది. 2013లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఈ గేములో బంగారమే లేకుండా మొదలుపెట్టారు. రకరకాల గోళీలుంటాయి. ఒక్కో గోళీకి ఒక్కో పని. ఒకటి కత్తి గుణాలను మారుస్తుంది, ఇంకొకటి మామూలు కవచాన్ని అరుదైనదిగా చేస్తుంది. వాటితోనే బేరాలూ నడుస్తాయి. గోళీని దాచుకోవాలా, వాడేయాలా అనేది ప్రతిసారీ ప్రశ్నే. వాడితే అది పోతుంది. డబ్బు లోపలే తూము ఉందన్నమాట, విడిగా తవ్వాల్సిన పని లేదు.

మన బుడ్డల గేములో దీన్ని ఎట్లా తేవచ్చు? విత్తనం ఒకటే రకం ఎందుకుండాలి? కదిరి-6 నలభై కాయిన్లు, కదిరి లేపాక్షి డెబ్బై పెట్టండి. ఆటలో రెండోది వాన తప్పినా నిలబడుతుంది, వాన బాగా పడితే ఆ అదనపు ముప్పయ్యి దండగ అనే నియమం పెట్టుకోండి. ఇప్పుడు ఆటగాడు ఆకాశం చూసి ఖర్చు పెడతాడు. పాతిక కాయిన్లకు మట్టి పరీక్ష పెట్టండి. పరీక్ష చేయించకుండానే విత్తే స్వేచ్ఛ కూడా ఉంచండి. ఖర్చు చేసినవాడు ‘పోయాయి’ అనుకోకూడదు, ‘పెట్టాను’ అనుకోవాలి.

ఇంకొకటి, ఊరంతా కలిసి పెట్టే ఖర్చు. చెరువు కట్ట తెగింది, బాగుచేయడానికి 50 లక్షల కాయిన్లు కావాలి అని పెట్టండి. పదివేలమంది ఉన్నారు, తలా 500. ఎవరికి తోచినంత వాళ్లు వేస్తారు. తెర మీద కట్ట రోజురోజుకూ లేస్తూ కనబడాలి. పూర్తయితే అందరికీ రెండో పంటకు నీళ్లు. ఎక్కువ వేసినవాళ్ల పేర్లు తూము పక్కన రాతి మీద చెక్కించండి, ఒక్క కాయిన్ వేసినవాళ్లను మరిచిపోకండి. గుట్టలు పోగేసుకున్న పాత ఆటగాళ్ల దగ్గర డబ్బు బయటికి రావాలంటే ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు. వాళ్లకు వస్తువులన్నీ ఉన్నాయి, కావాల్సింది పేరు.

అతి పిసినారితనం కూడా చేటే. 2017 నవంబరులో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2లో డార్త్ వేడర్‌గా ఆడాలంటే 60,000 క్రెడిట్లు కావాలన్నారు. ఆటగాళ్లు లెక్కేసుకుంటే దాదాపు 40 గంటల ఆట తేలింది. డబ్బు పెట్టి గేము కొన్నవాళ్లు ఊరుకుంటారా? గగ్గోలు లేచింది. ఆ గేము తెచ్చిన ఈఏ కంపెనీ ధరను 75 శాతం తగ్గించింది, విడుదలకు ముందు డబ్బుతో కొనే ఏర్పాటునూ ఆపేసింది. ఈ ఈఏకి హైదరాబాదులోనూ స్టూడియో ఉంది. ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు ఈ కథ తెలుసుకుని వెళ్లడం మంచిది.

లెవెల్ పెరగడం వేరు, చేయి తిరగడం వేరు

కాయిన్ల సంగతి లెక్కతో తేలుతుంది. నైపుణ్యం సంగతి అట్లా కాదు. ఇక్కడే ఎక్కువమంది డిజైనర్లు బద్ధకిస్తారు. లెవెల్ 6 నుంచి 7కు వస్తే దిగుబడి 5 శాతం పెరుగుతుంది, 8కి వస్తే మరో 5. ఎక్సెల్‌లో గడి పట్టుకుని కిందికి లాగితే అయిపోయే పని. ఆటగాడు ఏమీ నేర్చుకోలేదు, అంకె మాత్రం పెరిగింది. శత్రువు బలమూ అంతే పెరిగి ఉంటే ఆ అంకెకూ అర్థం లేదు.

అల్టిమా ఆన్‌లైన్‌లో నైపుణ్యం వాడకంతో పెరిగేది. కత్తి తిప్పితే కత్తి విద్య, వంట చేస్తే వంట విద్య. వినడానికి ఎంతో న్యాయం. తీరా జరిగిందేమిటంటే, జనం ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే మాక్రో పెట్టి, కంప్యూటరు వదిలేసి పడుకున్నారు. తెల్లారేసరికి విద్య పెరిగింది, మనిషికి రాలేదు. అదే గేములో మంచి నియమమూ ఉండేది: ఒక పాత్రకు అన్ని విద్యలూ కలిపి 700 పాయింట్లకు మించి ఉండకూడదు, ఒక్కో విద్యకు 100. అంటే ఏడు విద్యల్లోనే పూర్తి ప్రవీణుడు కాగలవు. దేన్ని వదులుకోవాలో ఎంచుకోవాల్సి రావడం వల్ల ‘నేను కమ్మరిని’, ‘నేను వేటగాణ్ని’ అని చెప్పుకునే మనుషులు తయారయ్యారు.

అయితే లెవెల్ ఏం ఇవ్వాలి? కొత్త నిర్ణయం ఇవ్వాలి. బుడ్డల గేములో ఏడో లెవెల్‌కు దిగుబడి పెంచకండి. భూమిలో పదును చూసే వీలివ్వండి. అప్పటిదాకా వాన పడగానే విత్తేవాడు. ఇప్పుడు మట్టి బొమ్మ మీద వేలు పెడితే తడి ఎంత లోతుకు దిగిందో కనిపిస్తుంది. చాలకపోతే ఆగాలి, మరీ ఆగితే అదును దాటుతుంది. ఎప్పుడు విత్తాలో గేము చెప్పదు. పదిసార్లు తప్పు విత్తి, పదకొండోసారి సరిగ్గా పట్టుకున్న ఆటగాడికి అది తన ఘనతే. ఫోను మార్చినా, ఖాతా పోయినా ఆ విద్య వాడి దగ్గరే ఉంటుంది. పక్కవాడికి చూపించి గొప్పలు పోయేదీ దీని గురించే, 5 శాతం గురించి కాదు.

తప్పు జరిగినప్పుడు ఎందుకు జరిగిందో కనబడేట్టు చేయండి. మొలక చచ్చిపోతే ‘పంట విఫలం’ అని రాసి వదిలేయకండి, వేరు తడిదాకా దిగలేకపోయిన బొమ్మ చూపించండి. ఆటగాడు నేర్చుకోవడానికి కావాల్సింది అంతే. దీనికి ఖర్చూ తక్కువే. అయినా చాలా గేముల్లో ఇది ఉండదు, ఎందుకో నాకు అంతుబట్టదు.

లెవెల్‌కూ లెవెల్‌కూ మధ్య దూరం గురించి ఒక మాట. రూన్‌స్కేప్‌లో ఒక్కో విద్యకు లెవెళ్లు మొదట 99 వరకే ఉండేవి. 99కి కావాల్సిన పాయింట్లు 1,30,34,431. సగం దూరం ఎక్కడొస్తుందో తెలుసా? 92 దగ్గర. అంటే చివరి ఏడు మెట్లకు పట్టే శ్రమ అంతకు ముందు 91 మెట్లకు పట్టినంత. 2001 నుంచి జనం ఆ కొండ ఎక్కుతూనే ఉన్నారు. దీన్ని చూసి ‘మనమూ చివర్లో నిట్టనిలువుగా పెడదాం’ అని కాపీ కొట్టకండి. మొదట్లో లెవెళ్లు నిమిషాల్లో వస్తాయి, మధ్యలో దారి పొడుగునా కొత్త చోట్లూ కొత్త పనులూ తెరుచుకుంటూ ఉంటాయి. అందుకే ఆ నిలువు చెల్లింది. దారిలో ఏమీ లేకుండా దూరం మాత్రమే పెంచితే అది వెట్టిచాకిరీ.

బహుమతులు అతిగా గుప్పించడం వల్ల కూడా ఆట చెడుతుంది. 1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు నర్సరీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు గీయడం ఇష్టమున్న పిల్లల్లో కొందరికి ‘గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పారు. తర్వాత కొన్నాళ్లకు చూస్తే, ఆ పిల్లలు బొమ్మల మీద గడిపే సమయం మిగతావాళ్లతో పోలిస్తే సగానికి పడిపోయింది. చెప్పకుండా, ఊహించనప్పుడు సర్టిఫికెట్ అందుకున్నవాళ్లు మాత్రం మునుపటిలాగే గీశారు. రోజూ లాగిన్ అయితే ఇంత, మూడు మ్యాచ్‌లు ఆడితే ఇంత అని జాబితా వేలాడదీసే ముందు ఈ ప్రయోగం గుర్తు తెచ్చుకోండి. ఆ జాబితా పూర్తి చేయడానికే ఆడేవాళ్లు, జాబితా తీసేసిన రోజున వెళ్లిపోతారు.

డయాబ్లో 3 దెబ్బతిన్నదీ ఇక్కడే. 2012 మేలో వచ్చిన ఆ గేములో నిజమైన డబ్బుతో కూడా వస్తువులు కొనుక్కునే వేలం అంగడి పెట్టారు. రాక్షసుల్ని చంపితే మంచి కత్తి దొరుకుతుందనే ఆశే ఆ ఆటకు ఊపిరి. అంతకన్నా మంచి కత్తి అంగట్లో చవగ్గా దొరుకుతుంటే ఇక రాక్షసుల్ని ఎందుకు చంపాలి? అంగడి మామూలుగా చూస్తే బాగానే నడిచింది. ఆట ఆగింది. చివరికి 2014 మార్చి 18న బ్లిజార్డ్ దాన్ని మూసేసింది. అదే సమయంలో వస్తువులు తక్కువగా, కానీ ఆ ఆటగాడి పాత్రకు పనికొచ్చేవిగా పడేట్టు మార్చింది. అప్పుడు జనం తిరిగొచ్చారు. రాబడి పెంచడానికి ఏదైనా కొత్త అంగడి పెట్టమని మీ కంపెనీలో ఎవరైనా అంటే, అది ఆటలోని ఏ పనిని అనవసరం చేస్తుందో మొదట అడగండి.

ర్యాంకుల సంగతి బీజీఎంఐ ఆడే మన పిల్లలకే ఎక్కువ తెలుసు. పైనున్న కాంకరర్ పేరు 500 మందికే దక్కుతుంది, సీజన్ మారితే అందరూ కొంత కిందికి దిగుతారు. కొరత ఉంది కాబట్టే ర్యాంక్ పుష్ అంటూ రాత్రిళ్లు మేలుకుంటారు. అయితే దిగజార్చేటప్పుడు పోయిన సీజన్ గుర్తు ఒకటి, ఫ్రేమో బ్యాడ్జో, వాళ్ల దగ్గర ఉంచండి.

చట్టం గీసిన గీత

ఇది చదవకుండా ఎకానమీ డిజైనర్ ఉద్యోగంలో చేరకండి. ‘నైపుణ్యం’ అనే మాటకు మన దగ్గర కోర్టుల చరిత్ర ఉంది. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అన్నది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది పట్టాలో ఏది వదలాలో తెలియాలి అని కారణం చెప్పింది. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు చాలాకాలం ఆ తీర్పునే గొడుగుగా పట్టుకున్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటికీ కలిపి నైపుణ్యం, అదృష్టం అనే తేడానే పక్కన పెట్టేసింది. నైపుణ్యమైనా అదృష్టమైనా, డబ్బు పందెం పెట్టి డబ్బు వస్తుందని ఆడించే ఆట నిషేధం. నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఈ-స్పోర్ట్స్‌నూ, పందెం లేని సరదా ఆటలనూ వేరుగా గుర్తించింది. చట్టాన్ని కోర్టుల్లో సవాలు చేశారు, చాలామంది ఉద్యోగాలు మాత్రం వెంటనే పోయాయి.

మీకు కావాల్సిన ముక్క ఇది: డబ్బు పెట్టి కొన్న క్రెడిట్లు, కాయిన్లు, టోకెన్లు కూడా ఆ చట్టం దృష్టిలో పందెం కిందికి రావచ్చు. అందుకని మీ గేములో కొనుక్కున్న డైమండ్లను పందెం ఒడ్డి గెలుచుకునే ఏర్పాటు, గెలిచినదాన్ని ఏదో రూపంలో రూపాయలుగా మార్చుకునే దారి, ఈ రెండూ కలిస్తే వెంటనే కంపెనీ లాయరు దగ్గరికి వెళ్లండి. నోటిమాటగా వద్దు, ఈమెయిల్ రాయండి. పైవాళ్లు ‘ఏం కాదులే’ అంటే ఆ మాట కూడా ఈమెయిల్‌లోనే తెప్పించుకోండి.

రమ్మీ, ఫాంటసీ కంపెనీల్లో పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు బెంగపడాల్సిన పని లేదు. ఎవరు ఎంత పెడుతున్నారు, ఎక్కడ ఆగిపోతున్నారు అని రోజూ చూసిన కళ్లు మీవి. అదే చూపు సరదా గేముల్లోని కాయిన్ల లెక్కకూ పనికొస్తుంది. బయోడేటాలో ‘రియల్ మనీ’ అనే మాటను దాచకండి, దాని కింద మీరు చూసిన లెక్కలేమిటో రాయండి.

చేతిలో ఏం పట్టుకెళ్లాలి

సర్టిఫికెట్ కోర్సుల కన్నా ఒక నమూనా పని ఎక్కువ మాట్లాడుతుంది. మీరు రోజూ ఆడే గేము ఒకటి తీసుకోండి. రెండు వారాల పాటు ప్రతి ఆట తర్వాత ఎన్ని కాయిన్లు వచ్చాయి, ఎన్ని పోయాయి, దేనికి పోయాయి, ఎంత సమయం పట్టింది అని ఎక్సెల్‌లో రాయండి. మిత్రుల్లో కొత్తగా మొదలుపెట్టేవాడొకణ్ని, ఏడాదిగా ఆడుతున్నవాడొకణ్ని పట్టుకుని వాళ్లతోనూ రాయించండి. ముగ్గురి లెక్కలూ పక్కపక్కన పెడితే చెరువు ఎక్కడ పొర్లుతోందో, ఎక్కడ ఎండిందో కనబడుతుంది. అప్పుడు ఒకే ఒక్క మార్పు సూచించండి. పది సూచిస్తే ఎవరూ చదవరు. ఆ మార్పు వల్ల ముప్పయ్యో రోజున మామూలు ఆటగాడి చేతిలో ఎన్ని కాయిన్లుంటాయో అంకె రాయండి. అంతా కలిపి రెండు పేజీలు.

ఇంటర్వ్యూలో తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది: ‘పొరపాటున ఒక పంటకు 100 బదులు 10,000 కాయిన్లు ఇచ్చేశాం, ఆరు గంటల తర్వాత తెలిసింది, ఇప్పుడేం చేస్తావు?’ అందరివీ వెనక్కి లాక్కుంటాం అని చెప్పకండి. అంగడిని ముందు ఆపుతానని చెప్పండి, ఆ డబ్బు చేతులు మారకుండా. తర్వాత ఎంతమందికి చేరింది, ఎంత ఖర్చయింది తీస్తానని చెప్పండి. తెలియక మామూలుగా ఆడినవాళ్లకు కొంత వదిలేసి, తెలిసి వందలసార్లు పండించినవాళ్ల దగ్గర మాత్రమే తీసుకుంటానని, ఏం జరిగిందో ఆటగాళ్లకు తెలుగులోనే, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో నోటీసు పెడతానని చెప్పండి. ఆ నోటీసును అక్కడికక్కడే నాలుగు వాక్యాల్లో రాసి చూపించగలిగితే ఇంకా మంచిది.

చేరాక మొదటి నెల కస్టమర్ సపోర్టువాళ్ల పక్కన కూర్చోవడానికి అనుమతి అడగండి. ‘నా డైమండ్లు ఏమయ్యాయి’, ‘లెవెల్ వచ్చింది, ఏమీ రాలేదు’ అని రోజూ వచ్చే ఫిర్యాదులు చదవండి. టెస్టింగ్‌లోనో సపోర్టులోనో ఇప్పటికే ఉన్నవాళ్లయితే ఇంకా సులువు. ఆ ఫిర్యాదుల్లో కాయిన్లవి వేరు చేసి వారానికొక పేజీ డిజైన్ టీముకు పంపడం మొదలుపెట్టండి, ఎవరూ అడగకపోయినా.